పెళ్లికి ముందు వారం: నాన్నగారి బూట్లు, కోటు కాజాలో పువ్వు

నా చిన్ననాటి స్నేహితుడి పెళ్లి శనివారం. పెళ్లికొడుకు పక్కన నిలబడే ముగ్గురిలో నేనొకణ్ణి. ముదురు నీలం కోటు, గోధుమ రంగు తోలు బూట్లు, కోటు మీద తెల్ల పువ్వు అని వాడు ముందే చెప్పాడు. కోటు కొన్నదే ఉంది. బూట్లు మాత్రం నాన్నగారివి వేసుకుందామనుకున్నాను. ఆయన పోయిన తర్వాత నాలుగేళ్లుగా అలమారాలోనే ఉన్నాయి. నా కాలికి సరిగ్గా సరిపోతాయి. తీసి చూస్తే తోలు ఎండిపోయి, ముందు భాగం బూడిద రంగుకి తిరిగింది. ఇంట్లో నేనే పాలిష్ రాసుకోవచ్చు, కానీ వాటిని పాడుచేస్తానేమోనని భయమేసింది. తెలిసినవాళ్ల చేతిలో పెడదామనుకున్నాను. పువ్వు సంగతి సులువని, మహానగరంలో పూలకొట్లకేం కొదవని అనుకున్నాను. రెండింటికీ కలిపి వారమంతా పట్టింది.

ముందు ఫోన్‌లో వెతికాను. షూ పాలిష్ అని కొడితే పాలిష్ డబ్బాలు అమ్మే పేజీలు వచ్చాయి. తర్వాత బూట్లు ఉతికిచ్చే లాండ్రీలు వచ్చాయి. ఒక లాండ్రీకి ఫోన్ చేశాను. వాళ్లు ఎక్కువగా స్పోర్ట్స్ షూలే చేస్తారట, ఇంటికి వచ్చి తీసుకెళ్లి వారం తర్వాత ఇస్తారట. నా దగ్గర అంత టైం లేదు. నాన్నగారి బూట్లని నీళ్లలో నానబెడతారేమోనన్న ఊహే నచ్చలేదు.

సోమవారం మధ్యాహ్నం పెద్ద రైల్వే స్టేషన్‌కి వెళ్లాను. చిన్నప్పుడు స్టేషన్‌లో పాలిష్ చేసేవాళ్లని చూసిన గుర్తు. ఒక గోడ పక్కన ఎత్తైన కుర్చీలు రెండు ఉన్నాయి, మనిషి లేడు. అరగంట నిలబడ్డాక అక్కడి సెక్యూరిటీ ఆయన నన్ను చూసి, "పొద్దున్నే రండి, ఆఫీసు రైళ్లు వచ్చే టైంకి ఉంటారు. పదకొండు దాటితే ఎవరూ ఉండరు" అన్నాడు. ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే నాకు ఒక రోజు మిగిలేది. ఇలాంటి పనివాళ్లు ఎక్కడ ఉంటారని అడుగుతాం గానీ, ఎప్పుడు ఉంటారని అడగం. జనం బూట్లు వేసుకుని, చేతిలో పది నిమిషాలు ఉండి, ఏదో ఒకదాని కోసం ఎదురుచూసే చోట, ఆ వేళకే వాళ్లు దొరుకుతారు. స్టేషన్లు, విమానాశ్రయాలు, పాత ఆఫీసు వీధులు, పెద్ద హోటళ్ల కింది అంతస్తులు అన్నీ అలాంటివే.

మంగళవారం ఎనిమిదికల్లా వెళ్లాను. ఇద్దరున్నారు, వరసలో ఆరుగురున్నారు. నా వంతు వచ్చాక చిన్నవాడు బూట్లు చూసి నిజాయితీగా చెప్పేశాడు. "ఇవి పది నిమిషాల పని కాదు సార్. తోలు దాహంతో ఉంది. నేను పైపైన మెరిపిస్తే రెండు రోజుల్లో పగుళ్లు తేలతాయి. మా బాబాయి దగ్గరికి వెళ్లండి." చెప్పులు, బూట్లు బాగుచేసే కొట్టు అది. రెండు వీధుల అవతల, ఒక పాత భవనం మెట్ల కింద ఉంది. బోర్డు కూడా లేదు. ఫోన్‌లో ఎంత వెతికినా అది దొరికేది కాదు.

ఆయనకి అరవై దాటి ఉంటాయి. బూట్లు చేతిలోకి తీసుకుని, ముందు లోపలికి చూశాడు, తర్వాత అడుగుకీ పై తోలుకీ మధ్య కుట్టు మీద గోరు పెట్టి నడిపాడు. "ఎవరివి?" అన్నాడు. చెప్పాను. "మంచి తోలు బాబూ. బాగా చూసుకున్నారు మీ నాన్న. వదిలి వెళ్తారా, కూర్చుంటారా?" కూర్చుంటానన్నాను.

లేసులు తీసేశాడు. గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో దుమ్ము దులిపి, బాగా పిండిన తడిగుడ్డతో పాత పాలిష్ తుడిచాడు. గుడ్డ మీద నల్లటి మరకలు చూస్తే ఆశ్చర్యం వేసింది. ఎప్పుడో ఎవరో ముదురు రంగు పాలిష్ రాసి ఉంటారన్నాడు. తర్వాత ఒక క్రీమ్ తీసి, ముందు లేసుల కింద ఉండే నాలుక మీద కొంచెం రాసి, ఆరనిచ్చి, రంగు మారలేదని చూసుకున్నాకే మిగతాచోట రాశాడు. క్రీమ్ తోలుకి మెత్తదనం ఇస్తుంది, మైనం పాలిష్ పైన మెరుపునిస్తుంది. రెండూ ఒకటే అనుకుని ఎండిన తోలు మీద నేరుగా మైనం పట్టించడమే చాలామంది చేసే తప్పట. పావుగంట ఆగి మళ్లీ బ్రష్ పట్టాడు.

ఆ తర్వాతి పని చూడ్డానికే నేను కూర్చున్నాననిపించింది. వేలికి పాత నూలుగుడ్డ బిగించి చుట్టి, మైనం కొద్దిగా అద్ది, బూటు ముక్కు మీద చిన్న చిన్న సున్నాలు చుట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒక చుక్క నీళ్లు, మళ్లీ మైనం, మళ్లీ నీళ్లు. మొదట మసకగా మారింది. పది పన్నెండు సార్లు తిరిగాక లోపల్నుంచి వెలుగు వచ్చినట్టు మెరిసింది. ముక్కుకీ మడమకీ మాత్రమే అలా చేశాడు. నడిచేటప్పుడు మడతపడే చోట మందంగా మైనం ఉంటే పగిలి తెల్లగా తేలుతుందట. అలాంటి మైనం పాలిష్‌లలో కార్నౌబా కలుపుతారని తర్వాత చదివాను. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం అది. చాలా గట్టి మైనం, 80 డిగ్రీలు దాటితేగానీ కరగదు. అందుకే అంత మెరుపు.

దాదాపు గంట అలా కూర్చున్నాను. అప్పుడు నాకు 1838లో, ఫోటోగ్రఫీ తొలినాళ్లలో, లూయీ డగేర్ అనే ఫ్రెంచివాడు పారిస్‌లో తీసిన వీధి ఫోటో గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఫోటోకి నిమిషాల తరబడి కాంతి పడాలి కాబట్టి, వీధిలో కదిలే బళ్లూ జనమూ అందులో పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డట్టున్న ఒకతను మాత్రం పడ్డాడు. ఫోటోకెక్కిన మొదటి మనుషుల్లో అతనొకడని చెబుతారు. నగరమంతా పరిగెత్తుతుంటే ఒక్క మనిషి కాసేపు ఆగడం, ఇంకొకరు అతని కాళ్ల దగ్గర శ్రద్ధగా పనిచేయడం. ఆ ఫోటో అంటే నాకు చాలా ఇష్టం.

లేసులు మళ్లీ ఎక్కిస్తూ, "శుక్రవారం రాత్రి పొడిగుడ్డతో ఒకసారి తుడవండి, అంతే. ఇంకేం రాయొద్దు" అన్నాడు ఆయన.

పువ్వు దగ్గరే నాకు అసలు టెన్షన్ పట్టుకుంది. మొదటి రెండు కొట్లలో నేనడిగేది వాళ్లకి అర్థం కాలేదు. కోటుకి పెట్టుకునే పువ్వు అంటే బొకే చూపించారు. నెహ్రూ ఫోటోల్లో గుండీ దగ్గర కనిపించే గులాబీ లాంటిదని చెబితే మూడో కొట్టులో అర్థమైంది, కానీ శనివారం రెండు పెద్ద ఆర్డర్లున్నాయని, మూడు పువ్వుల పని పట్టుకోలేమని చెప్పారు. హోల్‌సేల్ పూల మార్కెట్‌కి తెల్లవారకముందే వెళ్లి చూశాను. అక్కడ కట్టలే అమ్ముతారు, విడి పువ్వు ఇవ్వరు.

చివరికి దొరికింది ఒక పెద్ద ఆసుపత్రి ఎదురుగా ఉన్న చిన్న కొట్లో. రోగుల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు ఒక్క పువ్వు కూడా కొంటారు కాబట్టి విడిగా అమ్మడం ఆవిడకి అలవాటే. పొద్దున్నే తెరుస్తారు కూడా. నేను తెల్ల గులాబీ అన్నాను. ఆవిడ కుచ్చుల రేకులుండే కార్నేషన్ పువ్వు పెట్టుకోమంది. నీళ్లు లేకుండా గులాబీ మధ్యాహ్నానికే తల వాలుస్తుందని, కార్నేషన్ రాత్రి దాకా నిలుస్తుందని చెప్పింది. గంధరాజం అందంగా ఉంటుంది గానీ చెయ్యి తగిలిన చోటల్లా గోధుమ రంగుకి మారుతుందట. "మూడు కావాలంటే నాలుగు తీసుకోండి. ఒకటి ఎలాగూ నలుగుతుంది" అంది. సగం విచ్చినవి శుక్రవారం సాయంత్రం ఇస్తానంది. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు గానీ పండ్ల పక్కన మాత్రం వద్దని గట్టిగా చెప్పింది. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి కార్నేషన్ త్వరగా ముడుచుకుపోతుంది.

కోటు చూపించమంది. చూపిస్తే నవ్వింది. నా కోటు కాలరు మడత మీది కాజా ఉత్త కుట్టే, రంధ్రం లేదు. కోటు మెడదాకా గుండీలు పెట్టుకునే రోజుల్లో పనికొచ్చిన కాజా అది. ఇప్పుడు చాలా రెడీమేడ్ కోట్లకి అందం కోసమే కుడుతున్నారు. దర్జీ దగ్గరికి పరిగెత్తాను. కుట్టు తెగకుండా మధ్యలో జాగ్రత్తగా కోసి, వెనకవైపు కాడ నిలవడానికి దారంతో చిన్న ఉచ్చు కూడా వేసిచ్చాడు. ఐదు నిమిషాలు పట్టలేదు. కాజా తెరిచి ఉంటే పిన్ను అక్కర్లేదు, తీగ చుట్టక్కర్లేదు. కాడ రెండంగుళాలకి కోసి, ముందు నుంచి కాజాలోకి దూర్చి, వెనక ఉచ్చులోకి జార్చడమే. పువ్వు మడతకి ఆనుకుని కూర్చుంటుంది. మిగతా ఇద్దరి కోట్లకి కాజా కోయించే టైం లేక పిన్నులే పెట్టాం. ఆ రెండూ మాటిమాటికీ ముందుకి వాలుతూనే ఉన్నాయి.

శనివారం పొద్దున పూల డబ్బా తెరిస్తే నాలుగూ తాజాగా ఉన్నాయి. ఒక్కటీ నలగలేదు. నాలుగోది చేతిలో పట్టుకుని ఏంచేయాలా అని చూస్తుంటే పెళ్లికొడుకు వాళ్ల నాన్నగారు ఎదురొచ్చారు. ఆయన కోటు పాతది, కాజాకి నిజంగానే రంధ్రం ఉంది. కాడ దూర్చి, వెనక సర్ది, మడత సరిచేశాను. ఆయన కిందికి పువ్వు వంక చూసుకుని, తర్వాత నా కాళ్ల వంక చూసి, "ఇవి మీ నాన్నవి కదూ" అన్నారు.