ఆరుద్ర పురుగు నూగు కెమెరాకు దొరికింది

పొద్దున నర్సంపేట దగ్గర ఒక చెలకలో తీసిన ఫొటోను ఇప్పుడే కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను. ఆరుద్ర పురుగు ఒంటి మీది నూగు పోగుపోగునా కనిపిస్తోంది! మూడు వానాకాలాలు తిరిగాను దీనికోసం.

చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే 100 ఎంఎం మాక్రో లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఏడిపించింది ఆ పురుగు ఎరుపు. నిరుడు హన్మకొండలో ఫొటోగ్రాఫర్లు కూడిన చోట నా ఫొటో పెద్ద తెర మీద వేశారు. ఒక సీనియర్ చూసి, "ఇది పురుగా? కుంకుమ ఒలికినట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు. తలెత్తలేకపోయాను. ఆ మాటైనా మర్చిపోతానేమో గానీ, తర్వాత ఆయన ఇచ్చిన సలహా మాత్రం మర్చిపోను. "కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తియ్, కదలదు" అన్నాడు. ఏడాదంతా మట్టిలో ఉండి, తొలకరికి నాలుగు రోజులు పైకొచ్చే ప్రాణిని ఫ్రిజ్‌లో పెట్టాలా? అలా తీసిన ఫొటోకు ఎన్ని బహుమతులొచ్చినా నాకొద్దు. వీటి నుంచి నూనె తీయడానికి డబ్బాల్లో నింపేవాళ్లకూ చెప్తాను, వీటిని బతకనివ్వండి అని.

తప్పెక్కడుందో చివరికి నేనే పట్టుకున్నాను. ఫొటోలో వెలుతురు ఎంతెంత పడిందో చూపే గ్రాఫ్, అదే హిస్టోగ్రామ్, మొత్తంగా చూస్తే బాగానే ఉంది. ఎరుపు ఒక్కటే విడిగా చూస్తే కుడి అంచుకు కొట్టుకుని ఉంది, అంటే ఎరుపు మితిమీరి పడింది. అందుకే నూగంతా ఒకే ముద్ద అయిపోయింది. ఈసారి వెలుతురు ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించాను. వెలుగు మెత్తబడాలని ఫ్లాష్‌కు ట్రేసింగ్ పేపర్ కట్టాను. ఒకటికొకటి సైజులో (పురుగు ఎంతుందో కెమెరా సెన్సార్ మీద అంతే పడేలా) తీస్తూ, లెన్స్ కన్ను బాగా తెరిచి ఎఫ్ 2.8 పెడితే అర మిల్లీమీటరు మందం కూడా ఫోకస్‌లో ఉండదు, కాబట్టి ఆ కన్ను చిన్నది చేసి ఎఫ్ 11 పెట్టాను. ఆటోఫోకస్ ఆపేసి, తడిమట్టిలో బోర్లా పడుకుని, ఒళ్లే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఊపుతూ వరసగా నొక్కాను. పురుగును ముట్టుకోకండి. ముట్టుకుంటే ఎనిమిది కాళ్లూ ముడుచుకుంటుంది, ఇక ఆ పొద్దుకు ఫొటో లేనట్టే.

అటుగా వచ్చిన రైతు, "ఏం పోగొట్టుకున్నవ్ తమ్మీ?" అని అడిగాడు. చూపిస్తే పక్కనే గొంతుక్కూర్చున్నాడు. కెమెరా తెర మీద ఆ నూగు చూసి చాలాసేపు మాట్లాడలేదు.

"నా ఫోన్‌కు పంపు తమ్మీ. మా మనుమరాలు పట్నంల ఉంటది, దీన్ని ఎన్నడూ సూడలే."