ఫుట్ వాల్వ్‌కి దోమతెర

పదకొండు దాటింది. అత్తయ్య టీవీ కట్టేసి పడుకుంది. నాకు మాత్రం పొద్దుటి ఫుట్ వాల్వ్, అదే నీళ్లు లాగే పైపు అడుగు కొసన ఉండే జల్లెడ వాల్వ్, కళ్ల ముందు నుంచి పోవట్లేదు.

వాగు ఒడ్డు కట్టడానికి ఇంజన్ పెట్టి మడుగు తోడుతున్నారు. ఫుట్ వాల్వ్‌కి దోమతెర చుట్టి సుతిలి తాడుతో బిగించారు. "చేపలు పోకుండా జాలీ పెట్టాం మేడం" అని పైగా. ఇంజన్ ఆపించి పైపు పైకి లాగితే, తెర నిండా పరకలనే చిన్న చేపల పిల్లలు, అప్పడం మీద జీలకర్రలా. లోపలికి పోలేదు, నిజమే. బయటే అతుక్కుని చచ్చాయి.

లెక్క వేస్తే తప్పెక్కడో తెలుస్తుంది. ఐదు హెచ్‌పీ ఇంజన్ సెకనుకు 12 నుంచి 15 లీటర్లు లాగుతుంది. ఫుట్ వాల్వ్ జల్లెడ విప్పి పరిస్తే చేతిరుమాలంత ఉండదు, అందులో సగం తెర దారాలే మూసేస్తాయి. మిగిలిన సందులోంచి నీళ్లు సెకనుకు అరమీటరు పైనే పరుగెడతాయి. అంగుళం పరక ఎక్కడ ఎదురీదుతుంది? ఎనిమిది ఎంఎం కడ్డీతో రెండడుగుల పంజరం చేయించి, రెండు మిల్లీమీటర్ల కన్నున్న వల చుట్టూ బిగించి, ఫుట్ వాల్వ్‌ని నట్టనడుమ వేలాడదీస్తే అదే వేగం రెండు మూడు సెంటీమీటర్లకు పడిపోతుంది. చేప వచ్చి మూతి ఆనించి వెనక్కి పోతుంది. కింద రాళ్లు పెట్టి బురదకు అరడుగు పైన ఉంచాలి. గంటకోసారి చీపురుతో నాచు దులపాలి. వల కళ్లలో సగం మూసుకుపోతే నీళ్ల వేగం రెట్టింపవుతుంది మరి.

ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఎస్టిమేట్‌లో నీళ్లు తోడటానికి ఐటం ఉంది, ఇసుక బస్తాలకు ఉంది, పొక్లెయిన్ గంటలకు ఉంది. పంజరానికి లేదు. చేపలు పట్టి దిగువ మడుగులో వదిలే నలుగురి కూలికీ లేదు. ఆఫీసులో అడిగితే "ఏ హెడ్ (ఖర్చు పద్దు) కింద రాయమంటారు?" అని ఫోన్ పెట్టేశారు. మధ్యాహ్నం అన్నం కూడా సహించలేదు.

అసలు వాగుకు అడ్డంగా ఇసుక బస్తాల కట్ట వేయకముందే ఎగువ నుంచి దిగువకు రెండు మూడు సార్లు వల లాగాలి. చేపలు వాటంతటవే కిందికి జరుగుతాయి. కట్ట వేశాక సగం తోడి ఆపాలి, పట్టాలి, మళ్లీ తోడాలి. ఆఖరి అడుగు నీళ్లు ఎండెక్కక ముందే అయిపోవాలి. బొమ్మిడాయిలు బురదలో దూరి ఉంటాయి కాబట్టి నీళ్లు దిగగానే "అయిపోయింది" అనుకుని పొక్లెయిన్ దింపకూడదు. ఆల్చిప్పలను చేత్తో తడిమి ఏరాల్సిందే. వదిలేటప్పుడు విసరకుండా, ఏ కొస బురదలో ఉందో ఆ కొసే మళ్లీ కిందికి గుచ్చాలి.

పట్టిన చేపలను ఉంచే బకెట్లు, డ్రమ్ముల దగ్గరికొస్తే ఆ కొర్రమీనులే గుర్తొస్తాయి. మోచేయంత పొడవువి మూడు. పట్టినతను పాపం మంచి మనసుతోనే డ్రమ్ము అంచుదాకా నీళ్లు నింపి, ఎగిరిపోకుండా మూత బిగించి, నీడలో పెట్టాడు. గంట తర్వాత తీస్తే మూడూ వెల్లకిలా తేలి ఉన్నాయి. చేప నీళ్లలో మునిగి చచ్చిపోవడం ఏమిటని అతను ఎంతకీ నమ్మలేదు. కొర్రమీనుకు మొప్పలు చాలవు. కాసేపటికోసారి పైకొచ్చి గాలి మింగాలి. పైన గాలే లేకుండా మూత పెడితే ఊపిరాడక పోయింది. సగం డ్రమ్ము నీళ్లు, పైన వల గుడ్డ, అంతే కావలసింది. మూతకు లోపలి వైపు దాని మూతి రాసుకున్న జిగురు చారలు, గోకినట్టు... సరే, వద్దు. ఇంకో మాట, వాటిని పరకలతో కలిపి వేయకూడదు, దారిలోనే తినేస్తాయి.

ఎండాకాలమే ఈ పనికి మంచిదని ఇక్కడే ఎన్నిసార్లు రాశాను! వాగు సన్నబడుతుంది, సిమెంటు నీళ్లు కలవవు, బురద కిందికి పోదు అని. ఇప్పుడు టైపు చేస్తుంటే ఆ మాట మీద నాకే నిలబడాలనిపించట్లేదు. మే నెలలో వాగంటే మిగిలిన మడుగులే. మైలు పొడవున ఉండాల్సిన చేపలన్నీ మనం తోడబోయే గుంటలోనే ఉంటాయి. వలతో తోలినా పోవడానికి దారేదీ? 32 డిగ్రీల నీళ్లలో లీటరుకు 7.3 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ నిలవదు, అదే 20 డిగ్రీల దగ్గర 9.1. పొట్ట కింది రేకులతో కాళ్లు మూసుకునే తాబేలు ఆ రోజుల్లోనే బురదలో పూడుకుని పడుకుంటుంది. వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జంతువు. పొక్లెయిన్ బకెట్‌కి ఆ సంగతేం తెలుసు? ఒడ్డు బొరియల్లో పసరిక పిట్టల పిల్లలుండేదీ అప్పుడే.

అయితే డిసెంబరు, జనవరి? నీళ్లు చల్లగా ఉంటాయి, మడుగులు ఒకదానికొకటి కలిసే ఉంటాయి. కొర్రమీను గుడ్లు పెట్టేది వానాకాలంలో, ఆ గొడవా ఉండదు. కానీ ప్రవాహం ఎక్కువ కనుక అడ్డంగా కట్ట వేయలేం. సగం వెడల్పు బస్తాలతో మూసి ఒక ఒడ్డు, తర్వాత రెండో ఒడ్డు చేయాలి. బస్తాలు ఎక్కువ పడతాయి. యాసంగికి నాగార్జునసాగర్ ఎడమ కాలువ వదిలితే పొలాల నీళ్లన్నీ వాగులోకే దిగుతాయి, అదొకటి. అయినా మే కంటే నయమే. పని మాత్రం ఏప్రిల్‌లోనే మొదలవుతుందనేది వేరే సంగతి.

రేపు ఆదివారం, వెల్డింగ్ షాపు తియ్యరు. పెద్దోడి పాత కోళ్ల పంజరం మేడ మీద ఉంది. ఇప్పుడే వెళ్లి కొలిచొచ్చాను, ఇరవై రెండు అంగుళాలు. అత్తయ్య అందులో ఉల్లిగడ్డలు పోసింది. పొద్దున్నే మంచి మాటలు చెప్పి ఖాళీ చేయించాలి.