విడాకుల ఒప్పందంలో మేము పట్టించుకోని అప్పు

మేమిద్దరం గొడవ పడకుండానే విడిపోయాం. ఎవరికి ఏది చెందాలో ముందే మాట్లాడుకుని, ఆ మాటలనే న్యాయవాది చేత ఒప్పందంగా రాయించుకున్నాం. ఇల్లు ఆయనకు ఉంటుందని, దాని మీది రుణాన్ని ఆయనే తీరుస్తారని అందులో స్పష్టంగా ఉంది కనుక నా బాధ్యత అక్కడితో ముగిసిందనుకున్నాను. రెండేళ్ల తరువాత వాయిదాలు ఆగిపోయినప్పుడు నోటీసు నాకు కూడా వచ్చింది.

అప్పు ఇచ్చినవారు చేసింది తప్పు కాదని గ్రహించడానికి నాకు చాలా రోజులు పట్టింది. భార్యాభర్తలు రాసుకున్న ఒప్పందం ఆ ఇద్దరికే వర్తిస్తుంది. రుణదాత అందులో సంతకం చేయలేదు కాబట్టి, రుణపత్రంలో పేరున్న ప్రతి ఒక్కరి నుంచీ బాకీ వసూలు చేసుకునే హక్కు అతనికి ఎప్పటిలాగే ఉంటుంది. మాట తప్పినందుకు ఆయన నాకు సమాధానం చెప్పుకోవాలి, బాకీకి మాత్రం నేను రుణదాతకు సమాధానం చెప్పుకోవాలి. అందుకే ఉమ్మడి రుణం ఉన్నవారు సంతకానికి ముందే దాన్ని ఒకరి పేరు మీదికి మార్పించుకోవాలని, రుణదాత ఒప్పుకోకపోతే ఇల్లు అమ్మి అప్పు తీర్చడానికి ఒక గడువు తేదీని రాసుకోవాలని గట్టిగా చెబుతాను.

ఆస్తులనూ అప్పులనూ దాచకుండా వెల్లడించడం, ఇద్దరూ వేర్వేరు న్యాయవాదుల సలహా తీసుకోవడం కూడా అంతే అవసరం. ఆస్తి దాచినట్టు తేలితే ఒప్పందాన్ని కొట్టివేసే అధికారం చాలా దేశాల్లో కోర్టులకు ఉంది.

పిల్లల విషయంలో తల్లిదండ్రుల అంగీకారమే తుది మాట కాదు. తమ మేలుకు భంగం కలగనంత వరకు తల్లినీ తండ్రినీ క్రమం తప్పకుండా కలుసుకోవడం విడిపోయిన దంపతుల పిల్లల హక్కు అని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 9వ అధికరణం చెబుతోంది. మా పత్రంలో మాత్రం ‘సెలవుల్లో పాప ఇద్దరి దగ్గరా ఉంటుంది’ అన్న ఒక్క వాక్యమే ఉండేది. ఎన్ని రోజులు, ఎవరు తీసుకువెళ్లాలి, పాపకు జబ్బు చేస్తే ఎవరు నిర్ణయించాలి అన్నవి రాయలేదు. సెలవులు వచ్చిన ప్రతిసారీ ఆ వాదన పాప వింటుండగానే జరిగేది. చివరకు తేదీలతో సహా అనుబంధ పత్రం రాసుకుని కోర్టు ఆమోదం తీసుకున్నాం.

ఆ తరువాత ఇల్లు అమ్మి రుణం తీర్చాం. బాకీ ఏమీ లేదన్న ధ్రువపత్రాన్ని నా పేరు మీద కూడా అడిగి తీసుకుని, ఒప్పందంతో కలిపి భద్రపరిచాను.