విరిగిన సుద్దముక్క

జాగ్రఫీ మాస్టారనగానే మా బ్యాచ్‌లో చాలామందికి మ్యాప్ పాయింటింగ్ టెన్షనే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక సుద్దముక్క గుర్తొస్తుంది.

క్వార్టర్లీ పరీక్షలో ‘ఎడారుల్లో గాలి రాళ్ళను కొరికి పుట్టగొడుగుల్లా చేస్తుంది’ అని రాశాను. నాలుగు మార్కులకు ఒక్కటే వేశారు. పేపరు పట్టుకుని పోట్లాటకు వెళ్ళాను.

“కొరకడానికి గాలికి పళ్ళున్నాయిట్రా?” అంటూ సొరుగులోంచి ఉప్పు కాగితం తీసి, కొత్త సుద్దముక్క నా చేతికిచ్చి, కింది సగం మాత్రమే చుట్టూ రుద్దమన్నారు. రుద్దాను. వేళ్ళ నిండా తెల్లటి పొడి. పై తల లావుగా అలాగే ఉంది, మెడ సన్నబడుతూ వచ్చింది. ఇంకో రెండు రుద్దులకు టప్పున విరిగింది.

“ఆ పళ్ళు ఇసుకవి. మోసుకొచ్చేది గాలి.” దుమ్ము ఆకాశానికెక్కుతుంది గానీ ఇసుక రేణువు అంత ఎత్తుకు లేవలేదట. గెంతుకుంటూ పోతుంది. ఎంత గాలి వీచినా ఇసుకలో ఎక్కువ భాగం మనిషి నడుము దాటదు. అందుకే రాయి మొదలు దగ్గర అరుగుతుంది.

చాలా ఏళ్ళకు ఈజిప్టులో ఫరాఫ్రా దగ్గరి తెల్ల ఎడారి ఫొటోలు చూశాను. అక్కడి పుట్టగొడుగులు నిజంగా సుద్దరాయే! ఇక ఆ పిచ్చి వదల్లేదు. మెత్తటి రాతిలో గాలి వీచే దిక్కుకే సాళ్ళు పడితే, మధ్యన తిరగేసిన పడవల్లాంటి గట్లు మిగులుతాయి. వాటిని యార్డాంగ్‌లంటారు. ఇరాన్‌లోని లూత్ ఎడారిలో ఇవి 155 మీటర్ల ఎత్తు దాకా ఉన్నాయి, కొన్ని బారులు 40 కిలోమీటర్లకు పైగా సాగుతాయి. 2016లో యునెస్కో ఆ ఎడారిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇంకో సంగతి కూడా చదివాను. రాతి మొదలు అరగడం ఇసుక ఒక్కదాని పని కాదు. నేల దగ్గరి తేమతో పాటు ఉప్పు రాతి సందుల్లోకి చేరుతుంది, ఆరాక గడ్డకట్టి రాతిని లోపలినుంచి పొడి చేస్తుంది. అంటే మాస్టారికీ ఒక మార్కు కోయాల్సిందే.

మొన్నటి కలయికలో ఆ మాటే ఆయనతో అన్నాను. కళ్ళజోడు సర్దుకుని, “నీతో రుద్దించింది ఏ కాగితంతోరా?” అన్నారు.

“ఉప్పు కాగితంతో సార్.”

“మరి?”