అప్రదక్షిణంగా తిరిగే ఇంజను

బెల్టు తెగినప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. మేరీస్‌విల్ నుంచి రూట్ 33 మీద ఇంటికొస్తున్నాం. మా అమ్మాయి నడుపుతోంది, నేను పక్క సీట్లో కూచుని లేని బ్రేకు తొక్కుతున్నాను. ఒహాయోలో లైసెన్సు రావాలంటే పిల్లలు అమ్మనో నాన్ననో పక్కన పెట్టుకుని 50 గంటలు నడపాలి, అందులో 10 గంటలు రాత్రిపూట. అది మాకు 31వ గంట. ఉన్నట్టుండి ఇంజను మూగబోయింది. స్టీరింగు బరువెక్కింది, డాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలిగాయి. పిల్ల తొణక్కుండా కారుని రోడ్డు పక్కకి తీసింది. కంగారుపడింది నేనే.

అది నేను కొన్న మొదటి కారు. 1998 హోండా సివిక్ ఈఎక్స్, ముదురాకుపచ్చ. 2001లో కొన్నాను. డాట్‌కామ్ బుడగ పేలి, మాతో వచ్చినవాళ్ళలో సగంమంది ప్రాజెక్టు లేక బెంచి మీద కూచుంటే మిగతా సగం పెట్టెలు సర్దుకుంటున్న ఏడాది. నేనూ నాలుగు నెలలు బెంచి మీదే ఉన్నాను. ప్రాజెక్టు దొరికిన వారమే అప్పో సప్పో చేసి 6,900 డాలర్లు పెట్టి కొన్నాను. పావెల్‌లో ఉన్న భారతీయ హిందూ టెంపుల్‌కి తీసుకెళ్ళి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. తర్వాత పెళ్ళయి వచ్చిన మా ఆయన్ని ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చింది అందులోనే, పిల్లని ఆస్పత్రి నుంచి తెచ్చిందీ అందులోనే. కొత్త కార్లు కొన్నాక దీన్ని చలికాలానికీ, ఉప్పు చల్లిన రోడ్లకీ వదిలేశాం. వెనక చక్రాల మీద రేకు అప్పడంలా తయారైంది, వేలితో నొక్కితే విరుగుతుంది. జపాన్ కారని పేరేగానీ తయారైంది మా ఇంటికి గంటలోపు దూరంలో ఉన్న ఈస్ట్ లిబర్టీ ఫ్యాక్టరీలో. ఆ లెక్కన మా ఇంట్లో అసలు సిసలు ఒహాయో వాళ్ళు ఇద్దరే, ఆ కారూ, మా అమ్మాయీ.

బెల్టు విషయంలో తప్పు నాదే. ఇంజన్లో పిస్టన్లకి తగ్గట్టు వాల్వుల్ని నడిపే ఈ టైమింగ్ బెల్టుకి మైళ్ళే కాదు, ఏళ్ళూ లెక్కే. మొదటిది 90 వేల మైళ్ళ దగ్గర మార్పించాను. రెండోది ఇంకా చాలా తిరగాలిలే అనుకుంటూ 13 ఏళ్ళు లాగించాను. చూపించిన చోట నవ్వేసి, బాగుచేయించే ఖర్చుతో ఇలాంటివి రెండు కొనుక్కోవచ్చన్నారు. తుక్కు కింద ఇచ్చేస్తే 350 డాలర్లు. సరే ఇచ్చేద్దాం అన్నాను. అప్పుడు మా అమ్మాయి, "ఇంజను మనమే మారిస్తే?" అంది. మా ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకు మండిందో చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ. లారీలు, అంబాసిడర్లు, తర్వాత్తర్వాత మారుతీలు విప్పి బిగిస్తూ నలభై ఏళ్ళు గడిపాడు. షెడ్డుకి నేను వెళ్ళింది క్యారేజీ ఇవ్వడానికే. అదీ గేటు దగ్గరే అందుకుని పంపించేసేవాడు. చదవకపోతే పానా పట్టుకోవాల్సొస్తుందని మా అన్నయ్యని బెదిరించేవాళ్ళు. నాకు ఆ బెదిరింపు కూడా దక్కలేదు, ఆడపిల్లని కదా. రాత్రి ఇంటికొచ్చి కిరసనాయిలుతో చేతులు కడిగి, సర్ఫు వేసి రుద్దుకుని, అన్నానికి కూచునేవాడు. అయినా ఆయన కలిపి పెట్టిన ముద్దలో ఎక్కడో సన్నగా ఆ వాసన ఉండేది. కాలేజీ ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట నేను "బిజినెస్" అని రాశాను. ఆ సంగతి ఆయనకి తెలుసు. సంతకం పెట్టింది ఆయనే.

అందుకని, ఆ వద్దనే మాటేదో తాతయ్య నోటితోనే చెప్పిద్దామని ఫోను కలిపి పిల్లకిచ్చాను. నాన్న అంతా విని, "ఎంత స్పీడులో తెగింది?" అన్నాడు. అరవై మైళ్ళని చెప్పింది. "అయితే వాల్వులు వంగుంటాయి. హెడ్డు దించి చూడండి," అన్నాడు. వద్దనే మాట రానేలేదు.

ఆ రోజు నుంచీ ప్రతి శనివారం పొద్దున పదింటికి, అంటే అక్కడ రాత్రి ఏడున్నరకి, చలికాలంలో ఎనిమిదిన్నరకి, గ్యారేజీలో బల్ల మీద ఫోను నిలబెట్టేవాళ్ళం. మొదటి వారం నాన్న పెట్టిన షరతు ఒక్కటే. బండిని జాకీ మీద వదిలేసి కిందకి దూరకూడదు. స్టాండ్లు పెట్టాలి, అవి పెట్టాక కూడా విప్పిన చక్రాన్ని బండి కింద పడుకోబెట్టాలి. స్టాండ్లు పెట్టింది ఫోనులో చూపించేదాకా మాట్లాడేవాడు కాదు.

హెడ్డు, అంటే వాల్వులుండే ఇంజను పైభాగం, విప్పి తిరగేసి, ఆయన చెప్పినట్టే వాల్వుల గుంటల్లో కాస్త పెట్రోలు పోసింది మా అమ్మాయి. వాల్వులు బాగుంటే అది అలాగే నిలబడాలి. నిలబడలేదు, పక్క దారుల్లోంచి కారిపోయింది. పిస్టన్ల తలల మీద నెలవంకల్లా గాట్లున్నాయి, ఒకటి అంచున పగిలింది కూడా. "బెల్టు తెగితే పైన వాల్వులు ఎక్కడివక్కడ ఆగిపోతాయమ్మా. కింద పిస్టన్లు ఆగవు. వచ్చి గుద్దేస్తాయి," అన్నాడు నాన్న. బెల్టు తెగినా ఇవి రెండూ తగలని ఇంజన్లూ ఉంటాయి. మాది ఆ జాతి కాదు.

కాబట్టి ఇంజనే మార్చాలి. ఆటోమేటిక్ గేరుబాక్సు కూడా ఎప్పట్నుంచో జారుతోంది గనక, పనిలో పనిగా అయిదు గేర్ల మాన్యువల్ పెడదామంది పిల్ల. గుద్దుకుని తుక్కయిన 1999 సివిక్ ఒకటి దొరికింది. అదే డి16వై8 ఇంజను, 1.6 లీటర్లు, 16 వాల్వులు, 127 హార్స్ పవర్. ఇంజనూ గేరుబాక్సూ కలిపి 800 డాలర్లు. కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలు, అక్కడైతే కారు తయారైన ఏడాదికన్నా పాత ఇంజను పెట్టనివ్వరని భయపెట్టింది. మాది ఒక ఏడాది కొత్తదే, పైగా కొలంబస్ చుట్టుపక్కల పొగ పరీక్షే లేదు.

మా అమ్మాయి ఆదివారం తెలుగు బడికి రెండేళ్ళు వెళ్ళి మానేసింది. గుణింతాలు వచ్చు, వాక్యం రాదు. నాన్నకి ఇంగ్లీషు పేర్లు వచ్చు, వాక్యం రాదు. మొదట్లో మధ్యలో నేను అనువాదానికి కూచునేదాన్ని. ఇద్దరినీ కలిపింది మిల్లీమీటర్లు. ఇక్కడ మైళ్ళూ గ్యాలన్లూ అంగుళాల్లో పెరిగిన పిల్లకి హోండా వాడు 10, 12, 14, 17 అని బోల్టుల నంబర్లు నేర్పించాడు. నాన్న బతుకంతా ఆ నంబర్లే. "పదీ పదకొండు పానా తియ్యి," అనేవాడు. ఆ రెండు కొలతలు రెండు కొసల్లో ఉన్న పానా అన్నమాట. దొరకదు. ఆ పది నంబరు సాకెట్టు విజయవాడలో పోతుంది, ఒహాయోలోనూ పోతుంది.

పేచీ వచ్చింది "దించడం" దగ్గర. "ఇంజను దించాలి," అని నాన్న అంటుంటే పిల్ల తికమక పడింది. "అమ్మా, దించడమంటే కిందకి కదా? క్రేన్‌తో పైకి లాగుతున్నాం కదా?" అంది. నేనెప్పుడూ ఆలోచించలేదు. నాన్న కాసేపు ఆగి, "పొయ్యి మీంచి కూర దించమంటే మీ అమ్మేం చేస్తుంది? గిన్నె పైకెత్తదూ?" అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో చాలా దిగాయి. అల్మరా మీంచి డబ్బాలు, కారులోంచి సామాన్లు, ఒకరోజు గదిలోంచి మంచం కూడా. అన్నిటికీ అదే క్రియ వాడి చూసింది. మంచం దగ్గర ఒప్పుకోలేదు నేను.

ఇక అసలు ఘట్టం. కొత్త ఇంజను ఎక్కించే ముందు దానికి టైమింగ్ బెల్టు, వాటర్ పంపు మార్చాలి. అందుకు ఇంజను పక్కన తిరిగే చక్రం, అదే క్రాంకు పుల్లీ, దాని బోల్టు విప్పాలి. చెయ్యి అలవాటు కావడానికి ముందు కారులోనే ఉన్న చచ్చిన ఇంజను మీద ప్రయత్నించింది మా అమ్మాయి. బోల్టు పట్టేసింది. మా ఆయన వేలాడినా కదల్లేదు. పైపు తొడిగి లాగితే పుల్లీతో సహా తిరుగుతుంది గానీ బోల్టు సడల్లేదు. నాన్న నవ్వి, "దానికో కిటుకుంది," అన్నాడు. బోల్టుకి పొడుగు పానా తగిలించి దాని కొస ఛాసిస్‌కి ఆనించాలట. తాళం ఒక్క క్షణం తిప్పాలట. పానా కదలదు, స్టార్టరు ఇంజనుని తిప్పుతుంది, బోల్టు దానంతటదే వదులవుతుంది. నలభై ఏళ్ళు అలాగే విప్పానన్నాడు.

పిల్ల తాళం దాకా వెళ్ళి ఆగింది. "తాతయ్యా, ఇది అటు తిరగదు," అంది.

"ఎటు తిరగదు?"

చేత్తో గాల్లో చుట్టి చూపించింది. ఆ కాలపు హోండా ఇంజన్లు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతాయి. మామూలు ఇంజన్ల మీద బోల్టుని సడలించే ఆ కిటుకు దీని మీద ఇంకా బిగిస్తుంది. మాన్యువల్లో చదివిందట. నాన్న ఒప్పుకోలేదు. అంబాసిడర్‌కి ముందు నుంచి హ్యాండిలు దూర్చి తిప్పిన రోజుల నుంచీ ఇంజనంటే ప్రదక్షిణంగానే తిరుగుతుందన్నాడు. "అప్రదక్షిణంగా తిరిగేదాన్ని గుడికి తీసుకెళ్ళి పూజ ఎలా చేయించావే?" అని నన్ను దెప్పాడు. ఆ రాత్రి ఫోను కాస్త ముభావంగానే పెట్టేశాడు.

నాలుగు రోజుల తర్వాత, బుధవారం, మామూలుగా మాట్లాడే రోజు కాదు, తనే చేశాడు. ఆటోనగర్ వెళ్ళి హోండాలు చూసే కుర్రాణ్ణి అడిగాడట. "పాప చెప్పిందే నిజం. పాత హోండాలు ఎదురే తిరుగుతాయంట. కొత్తవి మళ్ళీ అందరిలాగే," అన్నాడు. కె సిరీస్ అనే కొత్త ఇంజన్లు వచ్చాక హోండా దిశ మార్చిన మాట నిజమే. ఆ శనివారం నుంచి "ఇలా చెయ్యి" అనడం తగ్గించి, "నీ పుస్తకంలో ఏముంది?" అని అడగడం మొదలుపెట్టాడు. పుల్లీ మధ్యలో ఆరు పలకల గుంట ఉంటుంది, దానికి సరిపోయే పట్టుగొట్టం 20 డాలర్లకి వస్తుంది. దాంతో పుల్లీని బిగబట్టి, రెండో పానాకి జాకీ రాడ్డు తొడిగి లాగితే టంగుమంది. నాలుగిళ్ళ అవతలికి వినబడి ఉంటుంది.

మిగతా పని ఆరునెలలు పట్టింది. తుప్పు పట్టిన బోల్టులు, గేరుబాక్సు వైపు సరిపడని మౌంట్లు, క్లచ్ పెడల్ బిగించడానికి స్టీరింగు కింద తల్లకిందులుగా పడుకున్న రెండు సాయంత్రాలు, అన్నీ రాస్తే ఎవరూ చదవరు. అంతా అయ్యాక తాళం తిప్పితే చిన్న టిక్కు కూడా లేదు. ఆటోమేటిక్ కారు పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప స్టార్టరుకి కరెంటు వదలదు. ఆ సెలెక్టరే మేం పీకేశాం కదా. దాని తీగలు రెండు కలిపేదాకా, ఇంజను చచ్చిందనుకుని మా ఆయన మొహం చూడాలి.

ఈ ఆరునెలల్లో తెలుగువాళ్ళ భోజనాల్లో నన్ను అందరూ అడిగింది ఒకటే: "కాలేజీ ఎస్సేకా?" అంటే కాలేజీలో సీటు కోసం రాసే వ్యాసానికా అని. ఒకావిడ మరీ, మంచి టాపిక్కు పట్టారు, ఆడపిల్ల కాబట్టి ఇంకా బాగుంటుందని మెచ్చుకుంది. కాదని చెప్పినా నమ్మలేదు. వాళ్ళననేం లాభం, మొదట్లో నేనూ మనసులో ఆ లెక్క వేశాను. ఇంకో లెక్క ఇప్పటికీ తెగలేదు. మా అమ్మాయి ఇది ఇష్టంగా చేస్తోందంటే, నాలుగు వేళ్ళు నోట్లోకి వెళ్ళడానికి ఇది చెయ్యక్కర్లేదు గనక. షెడ్డులో మా నాన్న కింద పనిచేసిన పన్నెండేళ్ళ కుర్రాళ్ళని ఇది సరదా అని ఎవరూ అడగలేదు. ఇది నాన్నతో అంటే, "సరదా ఎందుకు లేదు? నాకుండేది," అన్నాడు. నలభై ఏళ్ళలో ఆ ముక్క నేను వినలేదు. ఎప్పుడూ చెప్పలేదేమని అడిగితే, చెబితే నువ్వు చదివేదానివా అన్నాడు.

ఏప్రిల్‌లో కారు రోడ్డెక్కింది. అప్పుడు గానీ నాకు తట్టలేదు, నా మొదటి కారుని నేను నడపలేనని. నేను డ్రైవింగు నేర్చుకున్నదే ఇక్కడ, ఆటోమేటిక్ మీద. క్లచ్ అన్నది జన్మలో తొక్కలేదు. ఆదివారం ఖాళీగా ఉన్న స్కూలు పార్కింగులో మా అమ్మాయి నన్ను స్టీరింగు ముందు కూచోబెట్టింది. "హాఫ్ క్లచ్ అమ్మా, హాఫ్ క్లచ్," అంటోంది. ఇక్కడి పిల్లలు ఆ మాట వాడరు, అది తాతయ్య దగ్గర పట్టింది. మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి ఎగిరి దూకి ఆగిపోయింది. గోళ్ళ కింద నల్లగీతలున్న చెయ్యి నా చేతి మీద వేసి, మళ్ళీ న్యూట్రల్‌కి తెచ్చింది.

అయిదోసారి కదిలింది. రెండు దీపస్తంభాలు దాటాం. డాష్‌బోర్డు మీద ఫోను ఆన్‌లో ఉన్న సంగతే మర్చిపోయాను.

"నడిపేది అమ్మేనా?" అంది ఫోను.

"అవును తాతయ్యా."

"రెండో గేరు వెయ్యమ్మాయ్. ఇంజను ఏడుస్తోంది."