కాంటర్ ఓడిన రాత్రి

2014 జూన్ 10. అప్పట్లో మేం వర్జీనియాలో, రిచ్‌మండ్ పక్కన ఉండేవాళ్లం. హెచ్‌1బీ వీసా కాబట్టి నాకు ఓటు లేదు, అయినా ఆ రాత్రి టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. ప్రతినిధుల సభలో రిపబ్లికన్ మెజారిటీ లీడర్ ఎరిక్ కాంటర్ సొంత పార్టీ ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే, ఓడిపోయాడు, అదీ డేవ్ బ్రాట్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ చేతిలో. 1899లో ఆ పదవి వచ్చాక అలా ఓడిన మొదటి నాయకుడు ఆయనే.

మర్నాడు ఆఫీసులో డెమోక్రాట్ మిత్రుడు డోనట్స్ పంచాడు. రిపబ్లికన్ మిత్రుడూ "బుద్ధి చెప్పాం" అని సంబరపడ్డాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. బ్రాట్ ప్రచారం ఎక్కువగా వలస సంస్కరణలకు వ్యతిరేకంగానే సాగింది. 2013లో సెనేట్ 68-32తో పాస్ చేసిన వలస సంస్కరణల బిల్లులో, మాలాంటి ఉద్యోగుల గ్రీన్‌కార్డులకు దేశాలవారీ పరిమితి ఎత్తేసే నిబంధన ఉంది. ప్రతినిధుల సభలో అది ఓటింగ్‌కే రాలేదు.

పదేళ్ల తర్వాత న్యూయార్క్‌లో డెమోక్రాట్ ప్రతినిధి జమాల్ బోమన్ ప్రైమరీ ఓడినప్పుడు, ఆ డోనట్స్ మిత్రుడే ఫోన్ చేసి "డబ్బుతో కొనేశారు" అని బాధపడ్డాడు. అందులో నిజం లేకపోలేదు. ఆయన్ను ఓడించడానికి ఇజ్రాయెల్ అనుకూల గ్రూపు ఒక్కటే కోటీ 40 లక్షల డాలర్లకు పైగా పోసింది. కానీ కాంటర్ ఓడినప్పుడు అతనికి అది ప్రజాతీర్పు. ఆ మాట అడిగేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీ గ్రీన్‌కార్డు ఎంతవరకు వచ్చింది?" అన్నాడు.

ఇంకా లైన్లోనే ఉన్నాను.