బుధవారం మధ్యాహ్నం తీసిన సేవ్

పరాయి దేశంలో ఉద్యోగానికి చేరిన కొత్తలో నాకు అన్నిటికన్నా కష్టమైన పని, అడగడం. వాళ్ల మాటల వేగం చెవికి అందేది కాదు. ఒకసారి చెప్పినదాన్ని మళ్లీ చెప్పమంటే ఏమనుకుంటారోనని బెరుకు. వీసా కంపెనీ చేతిలో ఉందన్న సంగతి ఎప్పుడూ మనసులో మెదులుతూనే ఉండేది. అందుకే తెలిసిన కమాండ్లతో, తలెత్తకుండా నా పని నేను చేసుకుపోయేవాణ్ణి.

మాది ఏఎస్/400 అనే వ్యాపార కంప్యూటర్, దానికి రోజూ బ్యాకప్ తీయడం మా పని. 1988లో ఐబీఎం ఆ పేరుతో తెచ్చిన మెషీన్‌కి తర్వాత ఐసిరీస్, సిస్టమ్ ఐ అని పేర్లు మారినా మా గదిలో అందరూ పాత పేరే అనేవారు. లైబ్రరీ అంటే ఫైళ్లు, ప్రోగ్రాములు లాంటి ఆబ్జెక్టులు ఉండే అర. ఆదివారం రాత్రి యూజర్ లైబ్రరీలన్నిటికీ సేవ్‌లిబ్, అంటే లైబ్రరీ మొత్తాన్నీ కాపీ తీసే కమాండ్, మిగతా రాత్రుళ్లు సేవ్‌ఛేంజ్‌ఆబ్జ్. ఈ రెండో కమాండ్ మారిన ఆబ్జెక్టుల్నే టేపుకి ఎక్కిస్తుంది. ఎప్పటి నుంచి మారినవి అంటే, మనం తేదీ ఇవ్వకపోతే ఆ లైబ్రరీకి చివరి సేవ్‌లిబ్ జరిగినప్పటి నుంచి. కాబట్టి మంగళవారం టేపులో సోమవారం మార్పులు కూడా ఉంటాయి. ఏదైనా పోతే ఆదివారం టేపు, దాని మీద నిన్న రాత్రి టేపు, అంతే. ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది.

ఒక బుధవారం మధ్యాహ్నం టెస్టింగ్ వాళ్లు ప్రొడక్షన్ లైబ్రరీ, అంటే రోజూ అసలు పని నడిచే లైబ్రరీ, కాపీ కావాలన్నారు. టేపుకి బదులు డిస్కు మీదే కాపీ పట్టే సేవ్ ఫైల్ ఒకటి తయారుచేసి, దాంట్లోకి సేవ్‌లిబ్ కొట్టి, రీస్టోర్‌లిబ్‌తో టెస్ట్ లైబ్రరీ పేరు మీద దింపాను. డిస్కు ఖాళీ చేద్దామని సేవ్ ఫైల్ డిలీట్ చేశాను. పదిహేను నిమిషాల పని. ఎవరినీ అడగాలనిపించలేదు.

గురువారం ఉదయం ఒక ప్రోగ్రామర్ పొరపాటున ధరల ఫైల్ క్లియర్ చేశాడు. బుధవారం రాత్రి టేపు పెట్టి చూస్తే ఆ ఫైలే లేదు. మంగళవారం టేపులో ఉంది కానీ, బుధవారం పొద్దున రేట్ల విభాగం వాళ్లు కూర్చుని మార్చిన ధరలు అందులో ఉండవు కదా.

మా సీనియర్ ఆపరేటర్ ఆ ఫైల్ ఆబ్జెక్ట్ డిస్క్రిప్షన్ తెరిచాడు. చివరి సేవ్: బుధవారం మధ్యాహ్నం. కమాండ్: సేవ్‌లిబ్. పరికరం: సేవ్ ఫైల్. నేను డిలీట్ చేసిన సేవ్ ఫైల్ పేరు కూడా అక్కడే ఉంది. ఆయన వెనక నిలబడి చూస్తుంటే నా కాళ్లు వణికాయి.

సేవ్‌లిబ్‌లో అప్‌డేట్ హిస్టరీ అని ఒక పారామీటర్ ఉంది. ముట్టుకోకుండా వదిలేస్తే దాని విలువ 'స్టార్ యెస్'. నేను తీసింది టెస్టింగ్ కాపీయే అయినా, సిస్టమ్ దాన్ని అసలైన సేవ్‌గా రాసుకుంది. ఆ రాత్రి సేవ్‌ఛేంజ్‌ఆబ్జ్ ఆదివారం నుంచి కాదు, నా మధ్యాహ్నం నుంచి లెక్కపెట్టింది. బుధవారం పొద్దున మారి మళ్లీ మారని ప్రతి ఆబ్జెక్టూ ఆ టేపుకి దూరమైంది. 'స్టార్ నో' అని ఒక్క మాట ఇచ్చి ఉంటే ఏమీ అయ్యేది కాదు. టెస్ట్ లైబ్రరీలో వెతుకుదామంటే టెస్టింగ్ వాళ్లు ఆ ధరల్ని అప్పటికే ఇష్టం వచ్చినట్టు మార్చేశారు. రేట్ల విభాగంలో ముగ్గురు ప్రింటు కాగితాలు ముందేసుకుని సాయంత్రం దాకా మళ్లీ ఎక్కించారు.

నేనే తీశానని చెప్పాను. వచ్చీరాని వాళ్ల భాషలో, మధ్యలో మాటలు వెతుక్కుంటూ. సీనియర్ ఆపరేటర్ కోప్పడలేదు. "తీసే ముందు నాతో ఒక్క మాట అను. రాత్రి ఏం నడుస్తుందో నీకు తెలియదుగా" అన్నాడు. ఆ రోజు నుంచి అడుగుతూనే ఉన్నాను.

కొన్నాళ్లకి, లెక్కలు మూసేసిన సంవత్సరాల లైబ్రరీల్ని ఆర్కైవ్ చేసే పని, అంటే టేపుకి ఎక్కించి డిస్కు మీంచి తీసేసే పని, నాకే ఇచ్చారు. ఏ కమాండ్ వాడాలన్నదాని మీద ఇద్దరం రెండు రోజులు మాట్లాడుకున్నాం. ఆబ్జెక్టుల్ని విడిగా తీసే సేవ్‌ఆబ్జ్‌లో 'స్టార్ ఆల్' ఇస్తే ఆబ్జెక్టులన్నీ వస్తాయి కానీ లైబ్రరీ రాదు. ఆ టేపు మీద రీస్టోర్‌లిబ్ పనిచేయదు, ముందు మనమే లైబ్రరీ కట్టుకుని రీస్టోర్‌ఆబ్జ్ చేయాలి. సేవ్‌లిబ్ టేపు నుంచైతే లైబ్రరీ మొత్తాన్నీ దింపవచ్చు, ఒక్క ఫైల్‌నైనా తీసుకోవచ్చు. ఐదేళ్ల తర్వాత ఆ టేపు పట్టుకునేది మనం కాదు, మన పేరు కూడా తెలియని ఎవరో. అందుకే సేవ్‌లిబ్.

యాక్సెస్ పాత్‌లు, అంటే ఫైళ్ల ఇండెక్సులు, కూడా కలిపే తీశాం, లేకపోతే రీస్టోర్ అయ్యాక పెద్ద ఫైళ్ల ఇండెక్సులు మళ్లీ కట్టేదాకా కూర్చోవాలి. డేటా ఉండేది ఫిజికల్ ఫైల్‌లో, దాన్ని వేరే వరసలో చూపించేది లాజికల్ ఫైల్. లాజికల్ ఫైళ్లు ఒక లైబ్రరీలో, వాటి ఫిజికల్ ఫైళ్లు వేరే లైబ్రరీలో ఉన్నవి రెండు జతలు దొరికాయి. ఫిజికల్‌ది ముందు దించాలని టేపు లేబుల్ మీదే రాశాం. టేపు సంగతి వేరే తలనొప్పి: ఎల్‌టీఓ అనే టేపు రకంలో 7వ తరం డ్రైవ్ 5వ తరం టేపుని చదువుతుంది, 8వ తరం డ్రైవ్ దాన్ని చదవదు. డ్రైవ్ మార్చే ముందు ఆర్కైవ్‌లు కొత్త టేపులకి ఎక్కించాలన్నది కొనుగోలు విభాగానికి ఉత్తరం రాసి మరీ చెప్పాం.

సేవ్ అయ్యాక వచ్చే సందేశంలో సంఖ్యలు చదవాలి. వాడకంలో ఉన్న ఆబ్జెక్టుని సేవ్‌లిబ్ వదిలేసి, ఇన్ని సేవ్ అయ్యాయి, ఇన్ని కాలేదు అని చెబుతుంది. రెండో సంఖ్య సున్నా కాకపోతే ఆ ఆర్కైవ్‌ని నేను ఒప్పుకోను. సున్నా అయినా వేరే పేరుతో రీస్టోర్ చేసి రికార్డులు లెక్కపెడతాను.

లైబ్రరీని డిలీట్ చేసే లైన్‌ని మాత్రం ఈ ఆర్కైవ్ సేవ్ తీసే ప్రోగ్రామ్‌లో పెట్టలేదు. అది వేరే జాబ్. సేవ్ తీసినవాడు కాక ఇంకొకరు ఆ లెక్క చూసి సంతకం పెట్టాకే నడుస్తుంది. మొదటి లైబ్రరీకి ఆ సంతకం సీనియర్ ఆపరేటర్‌ది.